కర్రకి చుట్టిన మేజోడు

చికాగో
1947 సెప్టెంబరు 22

రాగ్నా అక్కకి,

ఈ ఉత్తరం నిలబడి చదవకు. పొయ్యి మీద కాఫీ ఉంటే దించేసి, కుర్చీ లాక్కుని కూర్చో.

వచ్చే నెల మొదటి గురువారం నుంచి అయిదు వారాలు 'డిటెక్టివ్ ఏమస్ పెల్' నాటకం రాసేది నేను. అవును, పెద్దవాళ్ళు రాసినవి టైపు కొట్టి, నటులకి కాఫీలు అందించి, సాయంత్రం కాలేజీకి పరిగెత్తే మీ సిగ్నీయే. రోజూ రాసే ఆయన ఆసుపత్రిలో పడ్డాడు. నిర్మాత క్రౌడర్ గారు తలుపు దగ్గర నన్ను ఆపి, "అమ్మాయ్, నీ దగ్గర కథ ఏదన్నా ఉందా?" అన్నారు. లేదు. ఉందన్నాను. ఆదివారమంతా గది తలుపేసుకుని, లేనిదాన్ని ఉన్నదిగా చేశాను.

అక్కా, మాటలంటే నాకు పిచ్చి పట్టింది. దారిన పోతూ వాటిని నోట్లో చప్పరిస్తుంటాను. రేడియోలో "అబ్బ, ఎంత వానో" అని ఎవరితోనూ అనిపించకూడదట. "మీ కోటు పొయ్యి పక్కన ఆరేసుకోండి" అనిపించాలట. అప్పుడు వినేవాళ్ళ నెత్తి మీద వాన తనంతట తనే కురుస్తుంది. ఈ సంగతి తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు.

నా కథలో నోరా అని ఒక పిల్ల. చర్చిలో పాటల సాధన ముగించుకుని ఒంటరిగా ఇంటికి నడుస్తూ ఉంటుంది. వెనక అడుగుల చప్పుడు. ఆ వీధిలో వారానికొకరు చస్తుంటారు. హంతకుడికి చివరి వారం దాకా పేరు లేదు, గొంతు లేదు. నడకే అతని ముఖం. ఎలాంటి నడకో చెప్పను, విని నువ్వే చెప్పు.

మేము నాటకాన్ని ఒకే రోజు రెండుసార్లు ఆడతాం. ఇక్కడ ఆరింటికి తూర్పు వాళ్ళ కోసం, మళ్ళీ తొమ్మిదింటికి అదే నాటకం మీ పడమటి వాళ్ళ కోసం. అప్పటికి మీకు ఏడవుతుంది. మధ్యలో నటులు పేకాడుకుంటారు. కాబట్టి నువ్వు వినేది రికార్డు కాదు, ఆ నిమిషాన నేను అక్కడే గోడకి ఆనుకుని గోళ్ళు కొరుక్కుంటూ ఉంటాను.

నాన్నని అడిగానని చెప్పు.

నీ సిగ్నీ

ఎల్క్ హార్బర్, వాషింగ్టన్ రాష్ట్రం
అక్టోబరు 5

సిగ్నీ,

విన్నాం. ఊరంతా విన్నది. గస్ తన కొట్లో రేడియోని పిండి బస్తాల మీదకి ఎక్కించి, ఇంట్లో రేడియో ఉన్నవాళ్ళని కూడా పిలిచాడు. నేను రెండు పళ్ళేల లెఫ్సా రొట్టెలు చేసి పట్టుకెళ్ళాను. నాన్న గడ్డం గీసుకుని, అమ్మ చావుకి వేసుకున్న నల్ల కోటు వేసుకున్నాడు. చివర్లో నీ పేరు చదివినప్పుడు గస్ టోపీ తీశాడు.

నాటకం బాగుంది. నోరా భయం బాగుంది. అడుగుల చప్పుడు మరీ బాగా వినిపించింది. అది మొదలవగానే కొట్లో అందరూ నాన్న వైపు తిరిగారు. "టోర్వాల్డ్, నువ్వు చికాగో ఎప్పుడెళ్ళొచ్చావయ్యా? మాతో ఒక్క ముక్క అనలేదే" అన్నాడు గస్. అందరూ నవ్వారు. నాన్నా నవ్వాడు.

ఆ నడక ఎవరు కనిపెట్టారు?

ఇక్కడ వానలు పట్టుకున్నాయి. నాన్న బాగానే ఉన్నాడు.

రాగ్నా

చికాగో
అక్టోబరు 10

అక్కా,

గస్ టోపీ తీశాడా? ఆ టోపీ కింద జుట్టుందా లేదా అని చిన్నప్పుడు మనం పందెం వేసుకున్నాం, ఇప్పటికైనా చూసి చెప్పొద్దూ?

చప్పుళ్ళన్నీ మా డెల్బర్ట్ పనితనం. గోధుమ పొట్టు తొక్కితే మంచు మీద నడిచినట్టుంటుంది. పాత తోలు సంచి పిసికితే గుర్రం జీను. హంతకుడి కోసం నేల మీద చెక్కలు పరిచాడు. ఆ మనిషి పరమ మెతక, చీమకి దారిస్తాడు. మైకు ముందు మాత్రం పది మంది గొంతులు కోస్తాడు.

అభిమానుల ఉత్తరాలు బస్తాలుగా వస్తున్నాయి. మాకు ఖర్చులు పెట్టే కాఫీ కంపెనీ వాళ్ళ పిల్లలు కూడా ఇంట్లో ఆ నడకే నడుస్తున్నారట. క్రౌడర్ గారు నన్ను ఇప్పుడు పేరు పెట్టి పిలుస్తున్నారు.

నాన్న నవ్వాడా? మంచిది.

సిగ్నీ

ఎల్క్ హార్బర్
అక్టోబరు 18

సిగ్నీ,

నేను అడిగిన మాటకి జవాబు రాయలేదు నువ్వు. గుర్రం జీను గురించి రాశావు.

మీ డెల్బర్ట్ ఎప్పుడన్నా మన ఊరొచ్చాడా? దుంగ కింద కాలు నలిగిన మనిషి చెక్కబాట మీద ఎలా నడుస్తాడో అతనికి ఎవరు చెప్పారు? ఒక అడుగు, ఒక ఈడ్పు, తర్వాత కర్ర. నాన్న మలుపు దగ్గర ఉండగానే ఆ చప్పుడు విని గస్ కాఫీ పొయ్యి మీద పెట్టేవాడు. ఊళ్ళో నాన్నకి తలుపు తట్టే పని ఉండేది కాదు. దాన్ని తీసుకెళ్ళి హంతకుడికి తొడిగావు.

ఒకటి మాత్రం నాకు అంతుపట్టలేదు. కొన్ని అడుగులకోసారి ఆగి కర్రతో గట్టిగా కొడతాడే, ఆ దెబ్బ నాన్నది కాదు. ఇంట్లో కొట్టడు, బజార్లో కొట్టడు. అది నీ సొంత కవిత్వం కాబోలు.

మొదటి వారం జోకులు. రెండో వారం బడి పిల్లలు నాన్న వెనక వరసగా కాళ్ళీడుస్తూ నడిచారు. మూడో వారం బేకరీ ఆవిడ నాన్నని చూసి, "అమ్మో, నేను ఇంకా బతకాలి మిస్టర్ హౌగెన్" అని చేతులెత్తింది. ఆవిడ సరదాకే అన్నది. నాన్న రొట్టె తీసుకోకుండానే వచ్చేశాడు.

మంగళవారం కర్ర చివర ఏదో బూడిద రంగుగా కనిపించింది. చూస్తే మేజోడు. తన పాత ఉన్ని మేజోడు మడిచి, కర్ర అడుగున చుట్టి, చేపల వల దారంతో కట్టుకున్నాడు. "ఏంటి నాన్నా ఇది?" అంటే, "చెక్కలు నానాయి, కర్ర జారుతోంది" అన్నాడు. ముప్పై ఏళ్ళుగా ఆ చెక్కలు నానుతూనే ఉన్నాయి.

ఇప్పుడు మిల్లుకి బాట మీద వెళ్ళడం మానేశాడు. వెనక బురదలోంచి, కంచెలు పట్టుకుంటూ వెళ్తున్నాడు. నిన్న పడ్డాడు. మోచెయ్యి చెక్కుకుపోయింది. రంపాలకి పదును పెట్టే చెయ్యి అది. నేను మందు రాస్తుంటే, "అమ్మాయి నాటకం మాత్రం బ్రహ్మాండంగా నడుస్తోంది" అన్నాడు.

ఇది రాస్తుంటే నాకు సిగ్గుగా ఉంది. నువ్వు చేసిన పనికి నేనెందుకు సిగ్గుపడాలో తెలియదు. లెఫ్సాలు చేసి జనాన్ని పిలిచింది నేనే కదా, అందుకేమో.

రాగ్నా

చికాగో
అక్టోబరు 22

అక్కా,

నీ ఉత్తరం మెట్ల మీద చదివాను. 

చెప్తాను. డెల్బర్ట్ మొదట మామూలు కుంటి నడక చేశాడు. నాకు నచ్చలేదు. "అలా కాదు, చూడండి" అని అతని చేతిలోంచి గొడుగు లాక్కుని, ఆ చెక్కల మీద నేనే నడిచి చూపించాను. అడుగు, ఈడ్పు, కర్ర. స్టూడియోలో అందరూ పని ఆపేసి చూశారు. ఆర్గన్ వాయించే ఆవిడ ఒళ్ళు జలదరించిందంది. చప్పట్లు కొట్టారు. నేను గొడుగు తిప్పి, వంగి దణ్ణం కూడా పెట్టాను. నాన్న కాలుని అరువు తెచ్చుకుని వాళ్ళ ముందు ఆడాను. "ఎవరిదమ్మా ఈ నడక?" అని డెల్బర్ట్ అడిగితే, "ఎవరిదీ కాదు, ఊహించాను" అన్నాను. తండ్రిదని చెప్పడానికి నోరు రాలేదు.

ఆ గట్టి దెబ్బ మాత్రం నాకూ తెలియదు. నడుస్తుంటే చెయ్యి తనంతట తనే ఆగి కొట్టింది. చెవిలో ఎప్పట్నుంచో ఉంది.

ఈ ఉదయం క్రౌడర్ గారి దగ్గరకి వెళ్ళాను. చివరి భాగంలో హంతకుణ్ణి మారుస్తానని అడిగాను.

"నాలుగు వారాలు దేశాన్నంతా ఒక కుంటివాణ్ణి చూసి వణికించి, చివరికి పాపం మంచివాడు అంటావా? కాఫీ డబ్బాలు తెచ్చి మన మొహాన కొడతారు."

"అలాంటి మనుషులు వింటుంటారు కదండీ, బాధపడతారు."

"ఎవరు బాధపడతారు? ఒక్కరి పేరు చెప్పు."

అక్కా, పేరు నాలుక చివర ఉంది. చెప్పలేకపోయాను. కథలో ఆ నడక గడియారాలు బాగుచేసే ముసలాయనది. వచ్చే వారం గురువారం పెల్ అతనికి సంకెళ్ళు వేస్తాడు. కంపెనీ వాళ్ళు రాతప్రతి మీద సంతకం పెట్టేశారు.

ఆ రోజు నాన్నని కొట్టుకి వెళ్ళనివ్వకు. రేడియో చెడిపోయిందని చెప్పు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

సిగ్నీ

ఎల్క్ హార్బర్
అక్టోబరు 26

సిగ్నీ,

విమానం టపాలో వేస్తున్నాను, గురువారంలోపు అందాలని.

వెళ్ళొద్దని చెప్పాను. జలుబు చేసిందనుకోమన్నాను. "నేను రాకపోతే అది నేనే అనుకుంటారు" అన్నాడు. నల్ల కోటు బయటికి తీసి గాలికి ఆరేశాడు.

నీ ఉత్తరం నాన్నకి చదివి వినిపించలేదు. ఆ చప్పట్ల సంగతి ఆయనకి వినిపించడం నా వల్ల కాలేదు.

రాగ్నా

చికాగో
నవంబరు 1

అక్కా,

ఈపాటికి మీరు విన్నారు. మీరు విన్నది మీ వైపు జనం మాత్రమే విన్నారు. నీకు నిజం చెప్తాను, నాన్నకి చెప్పకు.

ఆరింటికి రాసింది రాసినట్టే ఆడారు. గడియారాల ముసలాయనే హంతకుడు. సంకెళ్ళు పడ్డాయి, డెల్బర్ట్ ఇనప గొలుసు చప్పుడు చేశాడు. న్యూయార్కు నుంచి మిన్నియాపొలిస్ దాకా అందరూ అది విన్నారు. నేను గోడకి ఆనుకుని నిలబడి అంతా విన్నాను.

తర్వాత క్రౌడర్ గారు కంపెనీ వాళ్ళతో భోజనానికి వెళ్ళిపోయారు. నటులు పేకముక్కలు తీశారు. డెల్బర్ట్ చెక్కలు తుడుస్తున్నాడు. నా నోట్లోంచి అదే వచ్చేసింది: "అది మా నాన్న నడక."

అతను తుడవడం ఆపాడు. "ఊహించానన్నావు?"

"అబద్ధం. ఆయన ఇంకాసేపట్లో మా ఊళ్ళో వింటాడు. ఊరందరి మధ్యలో కూర్చుని."

డెల్బర్ట్ కొంచెంసేపు ఆ చెక్కల వైపే చూశాడు. "నాలుగు వారాల నుంచి మీ నాన్నని నా చేత హంతకుణ్ణి చేయించావా తల్లీ" అని, వెళ్ళి పేకాట ఆపించాడు.

ఆఖరి ఆరు పేజీలు మళ్ళీ టైపు కొట్టాను. ముసలాయన నోరాని వెంటాడటం లేదు, కాపలా కాస్తున్నాడు. అసలు హంతకుడు, మొదటి వారం నుంచీ కథలో ఉన్న డాక్టరు. అయిదు వారాల్లో ఒక్కసారి కూడా అతని అడుగుల చప్పుడు వినపడలేదు కదా, రబ్బరు బూట్లు. పెల్ పట్టుకునేది దాన్నిబట్టే. డాక్టరు వేషం వేసే ఆయనకి కోపం వచ్చింది. "ఆరింటికి ప్రాణాలు పోసే దేవుణ్ణి, తొమ్మిదింటికి హంతకుణ్ణా? మా అమ్మ పోర్ట్‌లాండ్‌లో వింటుంది!" అన్నాడు. పెల్ వేసే ఆయన అతని భుజం మీద చెయ్యేసి, "ఊరుకోవోయ్, మీ అమ్మ ఇన్నాళ్ళకి నీ పేరు గుర్తుపెట్టుకుంటుంది" అన్నాడు. చివరికి ఒప్పుకున్నాడు, బ్రహ్మాండంగా చేశాడు.

క్రౌడర్ గారు తిరిగొచ్చేసరికి నాటకం అయిపోవచ్చింది. పెద్దగా ఏమీ అనలేదు. ఇక్కడ అంతా బాగానే ఉంది.

ఇదేమీ మంచి పని కాదక్కా. సగం దేశానికి నాన్నని దోషిని చేసి, మిగతా సగం ముందు విడిపించాను. కాపలా కథ నేను అప్పటికప్పుడు అల్లిన అబద్ధం. అయినా నాన్న విన్నదాన్నే నిజం అనుకోనీ.

ఎలా విన్నాడు? ఏమన్నాడు?

సిగ్నీ

ఎల్క్ హార్బర్
నవంబరు 16

సిగ్నీ,

ఆలస్యమైంది. ముందు మంచివార్త రాద్దామని మొదలుపెట్టాను, అంతలో ఇంకొకటి జరిగింది. రెండూ రాస్తున్నాను.

ఆ గురువారం నాన్న తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు, ఎప్పుడైనా లేచి వెళ్ళిపోవడానికి వీలుగా. ముసలాయన కాపలా కాస్తున్నాడని తెలియగానే కొట్లో అందరూ మళ్ళీ నాన్న వైపు తిరిగారు. గస్ గొంతు సవరించుకుని, "నేను మొదట్నుంచీ డాక్టర్నే అనుమానించాను" అన్నాడు. "నువ్వా? పోయిన వారం టోర్వాల్డ్ మీద పందెం కాశావు కదరా" అన్నారెవరో. బేకరీ ఆవిడ లేచి వచ్చి నాన్న ఒళ్ళో రొట్టె పెట్టింది. తెల్లారి నుంచి నాన్న చెక్కబాట మీదే మిల్లుకి వెళ్ళాడు. మేజోడు మాత్రం విప్పలేదు.

మొన్న బుధవారం మిన్నియాపొలిస్ నుంచి కలప కొనే ఆయన ఒకడు వచ్చాడు. గస్ కొట్లో కాఫీ తాగుతూ ఏమస్ పెల్ మాట ఎత్తాడు. నాన్నా నేనూ అక్కడే ఉన్నాం.

"ఆ కుంటి గడియారాలవాణ్ణి పట్టుకున్నప్పుడు మా ఆవిడ చప్పట్లు కొట్టిందండీ."

"డాక్టరు కదయ్యా హంతకుడు" అన్నాడు గస్.

"ఏ డాక్టరు? నా రెండు చెవులతో విన్నాను. కుంటివాడే."

"మేము నలభై మందిమి విన్నాం. నలభై మందికీ చెవుడా?"

"తాగి విన్నారేమో."

గస్ చొక్కా చేతులు మడిచాడు. ఆ కలప కొనేవాడు లేచాడు. నేను నాన్న చెయ్యి పట్టుకుని బయటికి లాగబోయాను. నాన్న కదల్లేదు. నిదానంగా, "కూర్చోండి. ఇద్దరూ సరిగ్గానే విన్నారు" అన్నాడు. "మా అమ్మాయి రాసింది అది. అక్కడికి ఒకలా పంపింది, ఇక్కడికి ఒకలా పంపింది."

కొట్లో అందరూ తలలు దించుకున్నారు. నేను కూడా.  నాన్న కాఫీ పూర్తిగా తాగి, కప్పు కడిగి బోర్లించి, అప్పుడు లేచాడు.

దారిలో నేనే నీ ఉత్తరం సంగతి చెప్పేశాను. చప్పట్లతో సహా చెప్పాను. దాచిపెట్టి లాభం లేదనిపించింది. ఆ గట్టి దెబ్బ సిగ్నీకి ఎక్కడిదో తనకే తెలియదట నాన్నా అన్నాను.

అప్పుడు ఆగాడు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"మీ అమ్మ పోయాక దాన్ని పాటల సాధన నుంచి నేనే తీసుకొచ్చేవాణ్ణి. చర్చి బయట మిగతా పిల్లలు ఉండేవాళ్ళు. వాళ్ళు చూస్తారని అది ముందు ముందే నడిచేది. నాకు తెలుసు. చిన్నపిల్ల, తప్పేముంది. నా కాలుతో అందుకోలేను. అక్కడ దీపాలు కూడా లేవు. అందుకని మధ్యమధ్య ఆగి కర్రతో గట్టిగా కొట్టేవాణ్ణి, వెనకే ఉన్నాను భయపడకు అని. పేరు పెట్టి పిలిస్తే వాళ్ళు వింటారు కదా."

తర్వాత ఇంకో నాలుగడుగులు వేసి అన్నాడు: "అయితే వినిపించిందన్నమాట."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాను సిగ్నీ. ఎలా ఉందో నన్ను అడక్కు.

రాగ్నా

చికాగో
నవంబరు 21

నాన్నా,

నీ పేరున నేను రాస్తున్న మొదటి ఉత్తరం ఇదే. ఇన్నాళ్ళూ అక్క ఉత్తరాల అడుగున 'అడిగానని చెప్పు' అని ఒక ముక్క తగిలించి ఊరుకున్నాను. మాటలంటే ప్రాణమని అక్కకి పేజీలు పేజీలు రాసినదాన్ని, ఈ కాగితం ముందు మూడు రోజుల నుంచి కూర్చున్నాను. మంచి మాటలు చాలానే వచ్చాయి, అన్నీ కొట్టేశాను.

వినిపించింది నాన్నా. ఎక్కడిదో మరిచిపోయాను గానీ, ప్రతిసారీ వినిపించింది. ఆ దెబ్బ వినపడ్డాకే నా భుజాలు కిందికి దిగేవి. అయినా వెనక్కి తిరిగేదాన్ని కాదు. ఇప్పుడు దాన్నే తీసి, దేశమంతటినీ భయపెట్టే చప్పుడు చేశాను. అందరి ముందు గొడుగు పట్టుకుని నడిచాను. నన్ను క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదు.

అక్కకి అబద్ధం రాశాను, ఇక్కడేమీ బాగా లేదు. ఆ రాత్రే క్రౌడర్ గారు నన్ను పంపేశారు. ఆయన తప్పేమీ లేదు. డెల్బర్ట్ ఆ చెక్కల్ని మళ్ళీ ఎవరికీ వాడనని గోడకి చేర్చి పెట్టాడు.

క్రిస్మస్ లోపు వస్తున్నాను. పరీక్షలు కాగానే రైలెక్కుతాను. స్టేషనుకి గస్ బండి పంపవద్దని చెప్పు, నువ్వే రా. చెక్కబాట మీద, గస్ కొట్టు ముందునుంచి, బేకరీ ముందునుంచి నడిచే ఇంటికి వెళ్దాం.

మేజోడు విప్పేసి రా నాన్నా. ఈసారి నువ్వు ముందు నడు. నేను వెనక వస్తాను. మధ్యమధ్య మడమతో చెక్కని గట్టిగా కొడతాను. నువ్వు తిరిగి చూడక్కర్లేదు.

సిగ్నీ